14వ సవరణ ఎవరి కోసం?

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిశాక ఐదేళ్ల వ్యవధిలో ఆ దేశ రాజ్యాంగానికి మూడు సవరణలు చేరాయి. 1865 నాటి 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868 నాటి 14వ సవరణ అమెరికా గడ్డ మీద పుట్టి ఆ దేశ చట్టానికి లోబడిన వారందరినీ పౌరులుగా ప్రకటించింది. 1870 నాటి 15వ సవరణ జాతినో, రంగునో, పూర్వపు దాస్యాన్నో సాకుగా చూపి ఓటు హక్కును నిరాకరించరాదని శాసించింది. ఈ మూడింటిలో 14వ సవరణ పరిధి చాలా విస్తృతమైనది. ఏ రాష్ట్రమూ అమెరికా పౌరుల విశేష హక్కులను కుదించరాదనీ, చట్టబద్ధమైన ప్రక్రియ లేకుండా ఏ వ్యక్తి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ ఆస్తినీ హరించరాదనీ, తన పరిధిలోని ఏ వ్యక్తికీ చట్టాల సమాన రక్షణను నిరాకరించరాదనీ అది చెప్పింది. దాస్యం నుంచి అప్పుడే బయటపడిన సుమారు 40 లక్షల మంది నల్లజాతి ప్రజలకు, తమ పాత యజమానులే మళ్లీ ఏలుతున్న రాష్ట్రాల నుంచి రక్షణ కల్పించడం ఆ మాటల తక్షణ ప్రయోజనం. ఆ తరువాతి 30 ఏళ్లలో అమెరికా సుప్రీంకోర్టు ఆ మాటలను ఎవరి కోసం కుదించిందో, ఎవరి కోసం విస్తరించిందో పరిశీలిస్తే, లిఖిత రాజ్యాంగం ఉన్నంత మాత్రాన బలహీనుడికి రక్షణ దొరకదన్న సంగతి తీర్పు తరువాత తీర్పులో బయటపడుతుంది.

ఆ కాలపు సుప్రీంకోర్టు నేటి పాలరాతి భవనంలో ఉండేది కాదు. 1860 నుంచి 1935 వరకు అది పార్లమెంటు భవనమైన క్యాపిటల్‌లో, సెనేట్ ఖాళీ చేసిన పాత సభామందిరంలో కొలువుదీరేది. 1869 చట్టం న్యాయమూర్తుల సంఖ్యను 9గా స్థిరపరచింది. వారు రాజధానిలో కేసులు వినడమే కాక, దేశాన్ని మండలాలుగా విభజించి తమకు కేటాయించిన మండలంలో తిరుగుతూ అక్కడి కేంద్ర న్యాయస్థానాల్లోనూ విచారణలు జరపవలసి వచ్చేది. 1891లో ప్రత్యేక అప్పీలు కోర్టులు ఏర్పడిన తరువాతే ఆ భారం తగ్గింది. శతాబ్దం చివరి భాగంలో ప్రధాన న్యాయమూర్తులుగా పనిచేసినవారు సాల్మన్ చేజ్, మారిసన్ వెయిట్, మెల్విల్ ఫుల్లర్. న్యాయమూర్తులలో పలువురు ఆ పదవికి రాకముందు రైల్వే కంపెనీల వకీళ్లుగా పేరు తెచ్చుకున్నవారు. తరువాతి కథలో రైల్వేలు పదేపదే ఎదురవుతాయి కాబట్టి ఈ సంగతిని గుర్తుంచుకోవడం అవసరం.

1873 ఏప్రిల్‌లో వరుసగా వచ్చిన మూడు రోజులు ఈ చరిత్రకు మూలమలుపు. ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం నాడు లూయీజియానా రాష్ట్రంలోని కాల్ఫాక్స్ అనే చిన్న ఊరిలో, ఎన్నికల వివాదం నేపథ్యంలో కోర్టు భవనానికి కాపలాగా ఉన్న నల్లజాతివారిపై ఆయుధాలు ధరించిన తెల్లవారి గుంపు దాడి చేసి, భవనానికి నిప్పు పెట్టి, లొంగిపోయినవారిని సైతం కాల్చి చంపింది. మృతుల సంఖ్య 60 నుంచి 150 వరకు ఉంటుందని చరిత్రకారుల అంచనా. మరునాడు, ఏప్రిల్ 14న, ఆ ఘటనతో ఏ సంబంధమూ లేని కేసులో, కానీ అదే రాష్ట్రం నుంచి వచ్చిన కేసులో, సుప్రీంకోర్టు 14వ సవరణకు మొదటిసారి అర్థం చెప్పింది. న్యూ ఆర్లీన్స్ నగరపు కసాయి దుకాణాల వ్యర్థాలు మిసిసిపీ నదిలో కలిసి రోగాలకు కారణమవుతున్నాయన్న ఫిర్యాదుల మధ్య, 1869లో రాష్ట్ర శాసనసభ పశువధ అంతా ఒకే కంపెనీకి చెందిన కబేళాలో, ఆ కంపెనీకి రుసుము చెల్లించి జరగాలని చట్టం చేసి, ఆ కంపెనీకి 25 ఏళ్ల గుత్తాధికారం ఇచ్చింది. కసాయివారు తమ వృత్తి స్వేచ్ఛకు భంగం కలిగిందంటూ 14వ సవరణను ఆశ్రయించారు. వారి న్యాయవాది జాన్ క్యాంప్‌బెల్ ఒకప్పుడు అదే సుప్రీంకోర్టులో న్యాయమూర్తి. నల్లజాతివారు అమెరికా పౌరులు కాజాలరని చెప్పిన 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పులో మెజారిటీతో ఏకీభవించినవాడు. యుద్ధం రాగానే పదవి వదిలి దక్షిణాది పక్షాన చేరినవాడు. దాస్య విమోచన కోసం పుట్టిన సవరణను మొట్టమొదట ఆ కోర్టు ముందు విప్పి చూపింది ఆ మనిషే.

కసాయివారు 5–4 తేడాతో ఓడిపోయారు. మెజారిటీ తీర్పు రాసిన సామ్యూల్ మిల్లర్, యుద్ధానంతర సవరణల ప్రధాన ఉద్దేశం నల్లజాతివారి స్వేచ్ఛేనని స్పష్టంగానే చెప్పాడు. కానీ ఆ దారిలో ఆయన చేసిన ఒక విభజన ఆ స్వేచ్ఛకే గండి కొట్టింది. ప్రతి మనిషికీ రాష్ట్ర పౌరసత్వం, దేశ పౌరసత్వం అని రెండు ఉంటాయనీ, 14వ సవరణ కాపాడేది దేశ పౌరసత్వానికి చెందిన విశేష హక్కులను మాత్రమేననీ, జీవనోపాధి, ఆస్తి, ఒప్పందాల వంటి నిత్యజీవిత హక్కులన్నీ రాష్ట్రాల అధీనంలోనే ఉంటాయనీ ఆయన తేల్చాడు. అలా వడపోయగా మిగిలిన హక్కులు దేశ రాజధానికి వెళ్లడం, సముద్రం మీద ప్రభుత్వ రక్షణ పొందడం, ఓడలు తిరిగే నదులను వాడుకోవడం వంటివి. మిసిసిపీ పత్తి చేలల్లో నిన్నటి దాకా కొరడా దెబ్బలు తిన్న కూలీకి సముద్ర మధ్యంలో రక్షణ ఎందుకు పనికి వస్తుంది? సవరణలోని మొదటి రక్షణ ఆ ఒక్క తీర్పుతో దాదాపు నిర్జీవమైంది.

ఆ మరునాడు, ఏప్రిల్ 15న, షికాగోలో న్యాయ పత్రికకు సంపాదకత్వం వహిస్తున్న మైరా బ్రాడ్‌వెల్‌కు న్యాయవాదిగా పనిచేసే అనుమతిని ఇల్లినాయ్ రాష్ట్రం స్త్రీ అన్న కారణంతో నిరాకరించడం తప్పు కాదని కోర్టు 8–1 తేడాతో చెప్పింది. న్యాయమూర్తి జోసెఫ్ బ్రాడ్లీ ముందురోజు కబేళా కేసులో మెజారిటీతో విభేదిస్తూ, తనకు నచ్చిన వృత్తిని ఎంచుకోవడం పౌరుడి ప్రాథమిక హక్కు అని వాదించాడు; ఈ కేసులో మాత్రం భార్యగా, తల్లిగా ఉండడమే స్త్రీకి సృష్టికర్త నిర్ణయించిన ధర్మమని విడిగా రాశాడు. ఒకే హక్కు ఒక రోజులో కసాయివాడికి ప్రాథమికమై, స్త్రీకి అప్రాకృతికమైంది.

కాల్ఫాక్స్ హంతకుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు 1876లో వచ్చింది. రాష్ట్ర యంత్రాంగం చర్య తీసుకోని పరిస్థితిలో కేంద్రం 1870 నాటి హక్కుల అమలు చట్టం కింద దాదాపు 100 మందిపై అభియోగాలు మోపగా, చివరికి ముగ్గురికి మాత్రమే శిక్ష ఖరారైంది. ప్రధాన న్యాయమూర్తి వెయిట్ ఆ ముగ్గురి శిక్షలనూ కొట్టివేశాడు. 14వ సవరణ రాష్ట్రాలను మాత్రమే కట్టడి చేస్తుందనీ, ప్రైవేటు వ్యక్తులు ప్రైవేటు వ్యక్తులను చంపితే అది రాష్ట్రం చూసుకోవలసిన నేరమనీ, పైగా జాతి కారణంగా దాడి జరిగిందని అభియోగపత్రంలో సరిగా రాయలేదనీ తీర్పు చెప్పింది. తర్కం పైకి నిర్దుష్టంగానే కనిపిస్తుంది. హత్యలను పట్టించుకోని రాష్ట్రం చేతికే బాధితులను తిరిగి అప్పగించడం ఆ తర్కం ఫలితం. ఆ మరుసటి ఏడాది, వివాదాస్పదమైన అధ్యక్ష ఎన్నికను తేల్చే సంఘంలో ఐదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కూర్చున్నారు. నిర్ణాయకమైన ఓటు బ్రాడ్లీదే అయింది. రూథర్‌ఫర్డ్ హేస్ అధ్యక్షుడయ్యాడు, దక్షిణాది రాజకీయాల నుంచి కేంద్ర సైన్యం పక్కకు తప్పుకుంది. 1880లో, నల్లజాతివారిని చట్టం ద్వారా జ్యూరీ నుంచి, అంటే నేర నిర్ధారణ చేసే పౌరుల బృందం నుంచి, మినహాయించడం చెల్లదని కోర్టు పశ్చిమ వర్జీనియా కేసులో చెప్పింది గానీ, చట్టంలో రాయకుండా అదే పని చేసే రాష్ట్రాలకు ఆ తీర్పు అడ్డం రాలేదు.

1875లో అమెరికా కాంగ్రెస్ పూర్తిస్థాయి పౌరహక్కుల చట్టం చేసింది. వసతిగృహాలు, నాటకశాలలు, రైళ్లు వంటి ప్రజలందరికీ తెరిచిన చోట్ల రంగును బట్టి ఎవరినీ నిరాకరించరాదని ఆ చట్టం చెప్పింది. కాన్సాస్, మిస్సోరీ, కాలిఫోర్నియా, న్యూయార్క్, టెనెసీ రాష్ట్రాల నుంచి వచ్చిన ఐదు కేసులను కలిపి విని, 1883 అక్టోబర్ 15న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని 8–1 తేడాతో కొట్టివేసింది. ఈ తీర్పు రచయిత కూడా బ్రాడ్లీయే. హోటలు యజమాని ఒకరిని లోపలికి రానీయకపోవడం ప్రైవేటు తప్పిదమనీ, రాష్ట్రం చేసిన పని కాదు కనుక 14వ సవరణ దాన్ని తాకదనీ ఆయన వాదించాడు. బానిసత్వం నుంచి బయటపడిన మనిషి ఏదో ఒక దశలో చట్టానికి ప్రత్యేక ఇష్టుడిగా ఉండడం మాని సామాన్య పౌరుడి స్థాయికి రావాలని కూడా ఆయన రాశాడు. అప్పటికి విముక్తి జరిగి 18 ఏళ్లు మాత్రమే గడిచింది. ఆ 18 ఏళ్లలో నల్లజాతివారు చట్టం నుంచి పొందిన ఇష్టం ఎంతో కాల్ఫాక్స్ శ్మశానం చెబుతుంది.

ఆ ఒక్క వ్యతిరేక ఓటు కెంటకీకి చెందిన జాన్ మార్షల్ హార్లన్‌ది. ఆయన బానిసలున్న కుటుంబంలో పుట్టాడు, యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పోరాడినా 13వ సవరణను తొలుత బాహాటంగా వ్యతిరేకించాడు, తరువాత ఆ అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. ఈ కేసులో అసమ్మతి తీర్పు, అంటే మెజారిటీతో విభేదించే న్యాయమూర్తి తన కారణాలు వివరిస్తూ రాసే పత్రం, ఆయన కలం నుంచి ఎంతకీ కదలక ఆగిపోయిందనీ, అప్పుడు భార్య మాల్వినా ఆయన బల్ల మీద ఒక పాత సిరాబుడ్డిని పెట్టిందనీ ఆమె జ్ఞాపకాల వల్ల తెలుస్తున్నది. అది డ్రెడ్ స్కాట్ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రాజర్ టేనీ వాడిన సిరాబుడ్డి. హార్లన్ వాదం సూటిగా ఉంటుంది: రైల్వేలు, సత్రాలు ప్రభుత్వ అనుమతితో, ప్రజావసరం కోసం నడిచేవి కాబట్టి వాటి వివక్ష కేవలం ప్రైవేటు వ్యవహారం కాదు, బానిసత్వం మిగిల్చిన చిహ్నాలను చెరిపే అధికారం 13వ సవరణే కాంగ్రెస్‌కు ఇచ్చింది, పారిపోయిన బానిసను పట్టి యజమానికి అప్పగించడానికి ఒకనాడు ఎంతో విశాలమైన కేంద్రాధికారాన్ని అంగీకరించిన కోర్టు, ఆ బానిస స్వేచ్ఛను కాపాడవలసి వచ్చినప్పుడు అదే అధికారాన్ని ఇరుకు చేయడం అన్యాయం. ఈ చివరి మాటకు మెజారిటీ వద్ద సమాధానం లేదు.

1886 మే 10న కోర్టు వెలువరించిన రెండు తీర్పులను పక్కపక్కన చదవాలి. మొదటిది సాన్ ఫ్రాన్సిస్కోలోని చైనీయుల లాండ్రీలకు సంబంధించినది. చెక్క భవనంలో లాండ్రీ నడపాలంటే నగర పర్యవేక్షకుల అనుమతి ఉండాలని 1880 నాటి నగర శాసనం చెప్పింది. నగరంలో ఉన్న సుమారు 320 లాండ్రీలలో 240 వరకు చైనీయులవి, దాదాపు అన్నీ చెక్కతో కట్టినవే. అనుమతి అడిగిన 200 మందికి పైగా చైనీయులలో ఒక్కరికీ అది దొరకలేదు. చైనీయులు కాని దరఖాస్తుదారులలో ఒక్కరికి తప్ప అందరికీ దొరికింది. 22 ఏళ్లుగా అదే వృత్తిలో ఉండి, జరిమానా కట్టనందుకు జైలుపాలైన యిక్ వో పేరున నడిచిన కేసులో, చట్టం అక్షరాల్లో నిష్పక్షపాతంగా ఉన్నా, అధికారులు దాన్ని దురుద్దేశంతో, అసమానంగా అమలు చేస్తే అది సమాన రక్షణను నిరాకరించడమేనని స్టాన్లీ మాథ్యూస్ రాసిన తీర్పు ఏకగ్రీవంగా చెప్పింది. సవరణలో ‘పౌరుడు’ అని కాక ‘వ్యక్తి’ అని ఉంది కాబట్టి పౌరులు కాని చైనీయులకూ ఆ రక్షణ వర్తిస్తుందని కూడా తేల్చింది. ఆ కాలపు కోర్టు రాసిన తీర్పులన్నింటిలో మనిషి మొహం చూసి రాసినది ఏదైనా ఉంటే అది ఇదే.

అదే రోజు వచ్చిన రెండో తీర్పు సాంటా క్లారా కౌంటీకి, సదరన్ పసిఫిక్ రైల్‌రోడ్ కంపెనీకి మధ్య పన్ను తగాదా. పట్టాల వెంబడి కంచెల విలువను తప్పుగా లెక్కలో చేర్చారన్న చిన్న కారణంతోనే హార్లన్ ఆ కేసును రైల్వేకు అనుకూలంగా ముగించాడు. కంపెనీ ‘వ్యక్తి’ అవుతుందా కాదా అన్న ప్రశ్న తీర్పులో చర్చకే రాలేదు. కానీ తీర్పులను ముద్రణకు సిద్ధం చేసే ఉద్యోగి బాన్‌క్రాఫ్ట్ డేవిస్, స్వయంగా ఒకప్పుడు ఒక రైల్వే కంపెనీకి అధ్యక్షుడు, తీర్పు పైభాగంలో రాసే సారాంశంలో ఒక సంగతి చేర్చాడు. వాదనలు మొదలుకాక ముందే ప్రధాన న్యాయమూర్తి వెయిట్, 14వ సవరణ కంపెనీలకు వర్తిస్తుందా అన్న విషయంపై వాదన వినదలచుకోలేదనీ, వర్తిస్తుందన్నదే న్యాయమూర్తులందరి అభిప్రాయమనీ అన్నాడని ఆ సారాంశం చెప్పింది. సారాంశానికి చట్టబలం లేదు. అయినా మూడేళ్లు తిరగకుండానే, 1889లో, కోర్టు దాన్ని స్థిరపడిన సూత్రంగా పేర్కొనడం మొదలుపెట్టింది. ఒక దేశపు ఆర్థిక జీవితాన్ని మార్చిన సూత్రం వాదన లేకుండా, కారణాలు చెప్పకుండా, ఒక సారాంశం ద్వారా చట్టంలోకి ప్రవేశించింది. నల్లజాతి మనిషి హోటల్లో గది అడిగితే అక్షరం అక్షరాన్ని తూకం వేసిన న్యాయస్థానం, రైల్వే కంపెనీ అడిగినప్పుడు చర్చ కూడా అక్కరలేదనుకుంది. 1938లో న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ ఒక అసమ్మతి తీర్పులో చెప్పిన లెక్క ఇక్కడ గుర్తు చేయదగినది: సవరణ వచ్చిన తొలి 50 ఏళ్లలో కోర్టు దాన్ని అన్వయించిన కేసులలో నల్లజాతివారి రక్షణకు సంబంధించినవి నూటికి అర కన్నా తక్కువ, కంపెనీల ప్రయోజనాలకు సంబంధించినవి నూటికి 50 కన్నా ఎక్కువ.

1877లో కోర్టు ఇల్లినాయ్ రైతుల పక్షాన నిలిచి, షికాగో ధాన్యపు గిడ్డంగుల అద్దెకు రాష్ట్రం పరిమితి విధించవచ్చని చెప్పిన మాట నిజమే. కానీ 1895 నాటికి గాలి పూర్తిగా మారింది. ఆ ఏడాది జనవరిలో, దేశపు చక్కెర శుద్ధిలో దాదాపు 98 శాతాన్ని చేజిక్కించుకున్న కంపెనీపై గుత్తాధిపత్య నిరోధక చట్టం ప్రయోగించబోతే, తయారీ వేరు, వాణిజ్యం వేరు అన్న కారణంతో కోర్టు అడ్డుపడింది. మేలో, 4,000 డాలర్లకు మించిన ఆదాయంపై 2 శాతం పన్నును 5–4 తేడాతో కొట్టివేసింది. దాన్ని తిరగరాయడానికి 1913లో మరో రాజ్యాంగ సవరణ కావలసి వచ్చింది. సరిగ్గా వారానికి, రైల్వే కార్మికుల సమ్మెను ఆపమన్న కోర్టు నిషేధాజ్ఞను ధిక్కరించిన కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్‌కు పడిన ఆరు నెలల జైలుశిక్షను ఏకగ్రీవంగా సమర్థించింది. చక్కెర కంపెనీని తాకలేని కేంద్రాధికారం కార్మికుడిని జైలుకు పంపడానికి మాత్రం సరిపోయింది.

మరుసటి ఏడాది వచ్చిన ప్లెసీ కేసు ఈ కాలపు తీర్పులన్నింటిలోకీ అపకీర్తి మోసినది, దాన్ని నడిపిన మనుషుల వల్ల అంతగానూ గౌరవించదగినది. రైళ్లలో తెల్లవారికీ నల్లవారికీ సమానమైన, కానీ వేరువేరు పెట్టెలు ఉండాలని లూయీజియానా 1890లో చట్టం చేసినప్పుడు, న్యూ ఆర్లీన్స్‌లోని ఫ్రెంచి సంస్కృతి గల మిశ్రమజాతి కుటుంబాలవారు పౌరుల సంఘంగా ఏర్పడి, చందాలు పోగుచేసి, ఆ చట్టాన్ని కోర్టులో ఎదిరించాలని నిశ్చయించారు. రంగు గీత ఎంత అర్థరహితమో చూపడానికి, ముత్తాతల తరంలో ఒక్కరు మాత్రమే నల్లజాతివారై, చూపులకు తెల్లవాడిగా కనిపించే హోమర్ ప్లెసీని ఎంచుకున్నారు; ఆయన చెప్పులు కుట్టే వృత్తిలో ఉన్న యువకుడు. అదనపు పెట్టెల ఖర్చు ఇష్టంలేని రైల్వే కంపెనీకి ఈ ఏర్పాటు ముందే తెలుసు. 1892 జూన్ 7న ప్లెసీ కవింగ్టన్ వెళ్లే బండిలో మొదటి తరగతి టికెట్టుతో తెల్లవారి పెట్టెలో కూర్చుని, తన జాతి చెప్పి, లేవడానికి నిరాకరించగా, సంఘమే నియమించిన డిటెక్టివ్ ఆయనను అరెస్టు చేశాడు. కేసు చట్టం మీదే నిలబడాలన్నది వారి పట్టుదల.

న్యాయవాది ఆల్బియన్ టూర్జే యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడి, తరువాత దక్షిణాదిలో న్యాయమూర్తిగా పనిచేసినవాడు. న్యాయదేవత కళ్లకు గంతలున్నట్లే చట్టానికి రంగు కనిపించకూడదన్న వాదం ఆయన సమర్పించిన పత్రంలోనే ఉంది. అదే చట్టంలోని మినహాయింపు ఒకటి అసలు ఉద్దేశాన్ని బయటపెట్టింది: తెల్లవారి పిల్లలను చూసుకునే నల్లజాతి ఆయాలు తెల్లవారి పెట్టెలో కూర్చోవచ్చు. సేవకురాలిగా పనికివచ్చిన సాన్నిధ్యం సమానురాలిగా పనికిరాదు. 1896 మే 18న కోర్టు 7–1 తేడాతో ఆ చట్టాన్ని సమర్థించింది. ఒక న్యాయమూర్తి విచారణలో పాల్గొనలేదు. తీర్పు రాసిన హెన్రీ బిలింగ్స్ బ్రౌన్, వేరుచేయడం తక్కువచేయడం కాదనీ, నల్లజాతివారికి అందులో అవమానం కనిపిస్తే ఆ అర్థం వారు కల్పించుకున్నదేననీ అన్నాడు. ఆయన ఆధారంగా చూపినవాటిలో ప్రధానమైనది బోస్టన్ పాఠశాలల గురించి 1849లో మాసచూసెట్స్ కోర్టు ఇచ్చిన తీర్పు. అది 14వ సవరణకు 19 ఏళ్ల ముందుది. పైగా ఆ రాష్ట్ర శాసనసభే 1855లో పాఠశాలల్లో ఆ వేర్పాటును నిషేధించింది. రాజ్యాంగం మారిన తరువాత దాని అర్థాన్ని మారకముందు కాలం నుంచి తెచ్చుకోవడాన్ని చట్ట పాండిత్యం అనలేము.

హార్లన్ ఒక్కడే మళ్లీ విభేదించాడు. ఈ దేశంలో పాలక వర్ణం లేదు, కులం లేదు, రాజ్యాంగానికి రంగులు తెలియవు అన్న ఆయన భావం ఆ తరువాత హక్కుల పోరాటాలకు ఆధారమైంది; ఈ తీర్పు కాలక్రమంలో డ్రెడ్ స్కాట్ తీర్పంత హానికరమవుతుందన్న ఆయన అంచనా నిజమైంది. అయితే అదే తీర్పులో తెల్లజాతి ఆధిక్యం శాశ్వతంగా ఉంటుందన్న నమ్మకాన్నీ ఆయన ప్రకటించాడు. నల్లజాతి పౌరుడికి లేని ప్రవేశం పౌరసత్వానికే అర్హుడు కాని చైనీయుడికి ఉందంటూ మరో జాతిని కించపరిచాడు. 1899లో జార్జియాలో ఒక కౌంటీ తెల్లవారి ఉన్నత పాఠశాలకు సాయం చేస్తూ, డబ్బు లేదని నల్లజాతివారి పాఠశాలను మూసివేస్తే, తప్పు లేదన్న ఏకగ్రీవ తీర్పు రాసింది కూడా ఆయనే. హార్లన్‌ను కొనియాడేటప్పుడు ఇవి దాచిపెట్టనక్కరలేదు. తన కాలపు దురభిమానాలన్నీ మనసులో ఉండి కూడా ఒక మనిషి రాజ్యాంగ వాక్యాన్ని ఉన్నదున్నట్లు చదవగలిగాడంటే, మిగిలిన ఏడుగురూ చదవలేకపోయారన్న వాదన నిలవదు.

ప్లెసీ 1897లో 25 డాలర్ల జరిమానా కట్టాడు. మరుసటి ఏడాది మిసిసిపీలో నల్లజాతివారి ఓట్లను తుడిచిపెట్టిన అక్షరాస్యత పరీక్షను, తల పన్నును కోర్టు సమర్థించింది. యిక్ వో కేసులో చెప్పిన సూత్రం అక్కడ గుర్తుకు వచ్చినా, అధికారులు దురుద్దేశంతో అమలు చేశారని రుజువు కాలేదంటూ పక్కన పెట్టింది. పాఠశాలల్లో వేర్పాటు చెల్లదని అదే కోర్టు ఏకగ్రీవంగా చెప్పడానికి 1954 మే 17 దాకా ఆగవలసి వచ్చింది. ప్లెసీకి లూయీజియానా గవర్నరు మరణానంతర క్షమాభిక్ష ఇచ్చింది 2022 జనవరిలో.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు నేరుగా తగిలే తీర్పు కూడా ఆ కాలానిదే. 1882 చట్టం చైనా కూలీల రాకను నిషేధించింది. 12 ఏళ్లు కాలిఫోర్నియాలో ఉండి, తిరిగి రావడానికి ప్రభుత్వమే ఇచ్చిన పత్రంతో స్వదేశానికి వెళ్లిన ఛే చాన్ పింగ్ తిరుగు ప్రయాణంలో ఓడ మీద ఉండగానే కొత్త చట్టం ఆ పత్రాలను రద్దు చేసింది. విదేశీయులను రానీయకపోవడం దేశ సార్వభౌమాధికారమని 1889లో కోర్టు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. ఆదివాసుల విషయంలోనూ చూపు ఇరుకే: తెగను వదిలి ఒమాహా నగరంలో స్థిరపడిన జాన్ ఎల్క్, అమెరికా గడ్డ మీదే పుట్టినా పౌరుడు కాడని 1884లో తేల్చింది. ఇలాంటి కోర్టు ముందుకు 1873లో సాన్ ఫ్రాన్సిస్కోలో చైనీయ తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ వచ్చాడు. వంటవాడిగా బతుకుతున్న ఆయన చైనా వెళ్లి 1895లో తిరిగి వచ్చినప్పుడు, పౌరుడు కాడంటూ రేవులో ఓడల మీదే నిర్బంధించారు. 1898 మార్చి 28న 6–2 తేడాతో హోరేస్ గ్రే రాసిన తీర్పు, రాయబారుల పిల్లల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తల్లిదండ్రులు ఏ దేశంవారైనా అమెరికాలో పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడేనని చెప్పింది. విభేదించిన ఇద్దరిలో హార్లన్ ఒకడు. తాత్కాలిక వీసాలపై ఉన్నవారికి పుట్టే పిల్లలకు పౌరసత్వం లేదంటూ 2025 జనవరి 20న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఉత్తర్వు జారీ చేసినప్పుడు, హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ హెచ్-1బీ వీసాలపై వెళ్లి అక్కడ సంసారాలు పెట్టుకున్న ఎందరికో ఆందోళన కలిగింది. ఆ ఉత్తర్వు అమలును ఆపిన కింది కోర్టులు ఆధారం చేసుకున్నది ఆ వంటవాడి కేసునే.

భారత రాజ్యాంగ నిర్మాతలు ఈ తీర్పుల చరిత్రను శ్రద్ధగా చదివారు. 14వ అధికరణంలోని ‘చట్టాల సమాన రక్షణ’ అమెరికా సవరణ నుంచి వచ్చినదే. 1952లో పశ్చిమ బెంగాల్ ప్రత్యేక న్యాయస్థానాల చట్టాన్ని విచారించినప్పుడు భారత సుప్రీంకోర్టు ముందు చర్చకు వచ్చిన విదేశీ తీర్పులలో యిక్ వో ఒకటి. కానీ ‘చట్టబద్ధమైన ప్రక్రియ’ అన్న అమెరికా మాటను వారు కావాలనే తీసుకోలేదు. 1897 నుంచి 1937 దాకా అమెరికా కోర్టులు ఆ మాటలో ఒప్పంద స్వేచ్ఛను చదువుకుని కార్మిక చట్టాలను కొట్టివేస్తూ వచ్చాయి. అలాంటి అధికారం న్యాయమూర్తుల చేతిలో పెడితే భూసంస్కరణలు, సంక్షేమ చట్టాలు ఏమవుతాయన్నది వారి భయం. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు 1947లో అమెరికా వెళ్లి న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసి వచ్చాక ఆ అభిప్రాయం బలపడింది. నెల్లూరు జిల్లా పూదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రాజ్యాంగ సభలో దాన్ని గట్టిగా సమర్థించాడు. అలా 21వ అధికరణంలో ‘చట్టం నిర్ణయించిన పద్ధతి’ అన్న మాట వచ్చింది. వ్యక్తి స్వేచ్ఛకు దానివల్ల కలిగిన నష్టాన్ని సరిదిద్దడానికి 1978 దాకా పట్టింది కాబట్టి ఆ ఎంపికను నిర్దోషమని చెప్పలేము.

బ్రాడ్లీ మూసిన తలుపు విషయంలో మాత్రం భారత రాజ్యాంగం తడబడలేదు. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, దారులు అంటూ పేరుపేరునా చెప్పి, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడినీ అక్కడికి రానీయకుండా చేయరాదని 15వ అధికరణం శాసించింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇవి ప్రభుత్వాన్నే కాదు, దుకాణదారునీ గ్రామస్థునీ కట్టడి చేసే మాటలు. అమెరికాలో అలాంటి చట్టం మళ్లీ రావడానికి 1883 తరువాత 81 ఏళ్లు పట్టింది. 1964 పౌరహక్కుల చట్టాన్ని అట్లాంటాలోని ఒక మోటెల్ యజమాని సవాలు చేసినప్పుడు, సుప్రీంకోర్టు దాన్ని రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కింద సమర్థించింది. 1883 నాటి తీర్పును కోర్టు ఆనాడు కొట్టివేయలేదు, ఈనాటికీ కొట్టివేయలేదు.